పిక్కలోంచి చేతికి

పనిలేనిదని పుస్తకాలు పక్కనపెట్టిన ఓ చిన్న కండరం, కుష్ఠుతో కొంకర్లు పోయిన వేళ్లను తిన్నగా చాపింది. ఆ కథకు తెనాలి, బాపట్ల, రేపల్లె నేలతో గట్టి సంబంధం ఉంది.

రేపల్లె వైపు మడుల్లో నాట్లు వేసేవాళ్ల చేతిని ఒకసారి దగ్గరగా చూడండి. వెద పద్ధతి వచ్చాక నాట్లు తగ్గాయి గానీ, ఆ చేతి పనితనం చూడాలంటే ఇప్పటికీ మడి గట్టు మీద నిలబడాల్సిందే. ఎడమ చేతిలో నారు కట్ట ఉంటుంది. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి రెండు మూడు మొక్కల్ని విడదీసి, కొసలతో పట్టుకుని, బురదలోకి దించి, వేళ్లు చాపి వదిలేస్తాయి. అడుగు వెనక్కి పడేలోపు మళ్లీ అదే పని. చూసేవాళ్లకు అదంతా ఒకటే కదలికలా కనిపిస్తుంది.

అందులో ఒక కిటుకుంది. వేళ్లు అరచేతి దగ్గర వంగాలి, కొసల దగ్గర మాత్రం తిన్నగా ఉండాలి. అన్నంలో పప్పు కలిపి ముద్ద చేసేటప్పుడూ, చొక్కా గుండీ పెట్టేటప్పుడూ, మంచినీళ్ల గ్లాసు పట్టుకునేటప్పుడూ వేళ్లు అలాగే నిలుస్తాయి. వాటినలా నిలబెట్టేవి అరచేతిలోనే ఉన్న చిన్న చిన్న కండరాలు. వాటిలో ఎక్కువ భాగానికి ఆజ్ఞలు అందించే నరం మోచేతి వెనక, చర్మానికి కాస్త లోపలగా వెళ్తుంది. తలుపుకో గోడకో మోచేయి తగిలినప్పుడు చిటికెన వేలిదాకా జివ్వుమనేది ఆ నరమే. దాని పేరు అల్నార్.

కుష్ఠు సూక్ష్మజీవికి చల్లని చోట్లంటే ఇష్టం. చర్మానికి దగ్గరగా వెళ్లే నరాలు దానికి అనువైన చోటు. అల్నార్ నరం దెబ్బతింటే అరచేతి చిన్న కండరాలు చచ్చుబడతాయి. ముంజేతిలోని పెద్ద కండరాలు మాత్రం బాగానే ఉంటాయి. అవి ఒక పక్క లాగుతుంటే, అడ్డుకునే చిన్న కండరాలు లేక వేళ్లు అరచేతి దగ్గర వెనక్కి విరుచుకుని, కొసల దగ్గర లోపలికి ముడుచుకుంటాయి. ముద్ద కలపబోతే ముందుగా గోళ్లే కంచానికి తగులుతాయి. గ్లాసు పట్టుకోబోతే అరచేయి తెరుచుకోదు. నాటు వేయడం ఆ చేతికి సాధ్యం కాని పని.

ఆ వేళ్లను తిన్నగా నిలపడానికి కావలసిన తాడు ఎక్కడ దొరుకుతుంది? మన పిక్కలోనే దొరుకుతుంది. దాన్నిచ్చే చిన్న కండరం పేరు ప్లాంటారిస్.

ప్లాంటారిస్ ఎక్కడుంది?

మోకాలి వెనక గుంటకు కాస్త పైన, తొడ ఎముక బయటి అంచున ఈ కండరం మొదలవుతుంది. కండ భాగం 7 నుంచి 10 సెంటీమీటర్లకు మించదు, దాదాపు మన వేలంత. అక్కణ్నుంచి సన్నటి, తెల్లటి, బల్లపరుపు టెండన్, అంటే కండను ఎముకకు కట్టే తాడు, బయల్దేరుతుంది. పిక్కలో రెండు పెద్ద కండరాలున్నాయి. పైకి ఉబ్బి కనిపించేది గాస్ట్రోక్నీమియస్, దాని కింద పడుకుని ఉండేది సోలియస్. ఈ రెండింటి నడుమగా ఆ టెండన్ బయటి వైపు నుంచి లోపలి వైపుకి ఏటవాలుగా దిగి, మడమ వెనక ఉండే అతి బలమైన అకిలిస్ టెండన్ లోపలి అంచును ఆనుకుని వెళ్లి మడమ ఎముక దగ్గర ముగుస్తుంది. పొడవు దాదాపు 30 సెంటీమీటర్లు. ఇంత చిన్న కండకు అంత పొడవు టెండన్ ఉండడం విడ్డూరమే. మనిషి ఒంట్లో అన్నిటికంటే పొడవైన టెండన్ ఇదేనని శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకాలు రాస్తాయి.

గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలైంది. తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి వెళ్లిన పిల్లలు తరతరాలుగా అక్కడ డాక్టర్లయ్యారు. మొదటి ఏడాది డిసెక్షన్ హాల్లో గాస్ట్రోక్నీమియస్‌ను కోసి పైకెత్తగానే ఆ తెల్లటి పోగు కనిపిస్తుంది. కొత్త విద్యార్థులు దాన్ని నరమనుకోవడం ప్రపంచమంతా జరిగేదే. పరీక్షలో పిన్ను గుచ్చి ఇదేమిటని అడగడానికి మాస్టార్లకు ఇష్టమైన చోటు కూడా ఇదే.

ఇంతకీ ఇది చేసే పనేమిటి? మోకాలు వంచడంలో, మడమ పైకెత్తి మునివేళ్ల మీద నిలబడడంలో కాస్త సాయం పడుతుంది. గాస్ట్రోక్నీమియస్, సోలియస్‌ల బలం ముందు ఆ సాయం లెక్కలోకి రాదు. కోతుల్లో దీని టెండన్ మడమ దగ్గర ఆగకుండా అరికాలిలోకి సాగి, కొమ్మను పట్టుకునే పాదానికి బలమిస్తుంది. మనిషి మడమ నేలకు ఆనించి నడవడం మొదలెట్టాక ఆ టెండన్ మడమ దగ్గరే నిలిచిపోయింది. నూటికి 7 నుంచి 10 మందిలో ఈ కండరమే ఉండదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కొన్ని పరిశీలనల్లో ఆ లెక్క 20 దాకా వెళ్లింది. లేనివాళ్లకు తమకు లేదన్న సంగతే తెలియదు. వాళ్లూ అందరిలాగే పరుగెత్తుతారు, మెట్లెక్కుతారు, మడిలో దిగుతారు.

చేతిలోనూ దీనికి జోడీ లాంటిదొకటి ఉంది. బొటనవేలినీ చిటికెన వేలినీ కలిపి, మణికట్టు కొద్దిగా లోపలికి వంచి చూడండి. మణికట్టు మధ్యలో చర్మం కింద తాడులా ఒకటి లేస్తే అది పాల్మారిస్ లాంగస్ టెండన్. కొందరికి ఒక చేతికే ఉంటుంది, కొందరికి రెండు చేతులకూ ఉండదు. చేతిలో అది ఉన్నంత మాత్రాన కాల్లో ప్లాంటారిస్ ఉంటుందన్న హామీ మాత్రం లేదు.

పనిలేనిదన్న మాట మీద శాస్త్రజ్ఞులందరికీ ఏకాభిప్రాయం లేదు. ఈ చిన్న కండలో సాగుదలను కొలిచే నరాల కొసలు దాని సైజుకు మించి ఉన్నాయనీ, పిక్క ఎంత సాగిందో, మోకాలు ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పడమే దీని అసలు కొలువనీ కొందరి వాదన. నాకు ఆ వాదన నచ్చుతుంది. బలంతో లాగడం ఒక్కటే కండరం పని కాదు కదా.

పిక్కలో ‘టప్’ మన్నప్పుడు

డాక్టర్లు కాని మనుషులు ఈ కండరం పేరు వినేది సాధారణంగా ఒకే సందర్భంలో. నలభై దాటిన మనిషి చాన్నాళ్ల తర్వాత షటిల్ ఆడతాడు, లేదా కదులుతున్న బస్సు వెంట పరుగు తీస్తాడు. ఉన్నట్టుండి పిక్కలో టప్‌మని చప్పుడవుతుంది. వెనక నుంచి ఎవరో రాయి విసిరారనుకుని తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ తర్వాత మడమ ఆనించలేడు, రెండు రోజులకు చీలమండ దాకా నీలంగా కములుతుంది.

1883లో ఇంగ్లండులో పావెల్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో దీన్ని టెన్నిస్ ఆటగాళ్ల కాలి బాధగా రాశాడు. అప్పటి నుంచీ శతాబ్దం పైగా డాక్టర్లు ఆ నేరం ప్లాంటారిస్ మీదే మోపుతూ వచ్చారు. సన్నటి టెండన్ కదా, తెగితే అదే తెగి ఉంటుందన్నది వాళ్ల ఊహ. అల్ట్రాసౌండ్ వచ్చాక అసలు విషయం బయటపడింది. 2002లో ‘రేడియాలజీ’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి నొప్పితో వచ్చిన 141 మందిని పరీక్షిస్తే, 94 మందిలో చిరిగింది గాస్ట్రోక్నీమియస్ లోపలి భాగం. ప్లాంటారిస్ తెగినవాళ్లు ఇద్దరే.

ఆ లెక్కలోనే మనం గట్టిగా పట్టించుకోవలసిన అంకె ఇంకొకటి ఉంది. 14 మందిలో కండరమేదీ చిరగలేదు, పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే ముప్పు. మన ఇళ్లలో పిక్క పట్టేసిందనగానే కొబ్బరినూనె వేడిచేసి మర్దన మొదలెడతారు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాకో, ఆపరేషనై మంచం పట్టాకో, కాన్పయ్యాకో ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే మర్దన చేయకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి స్కాన్ తీయించుకోవాలి. పిసికితే గడ్డ కదిలే ప్రమాదం ఉంది.

వేలూరు నుంచి వచ్చిన సంగతి

ఇప్పుడు మళ్లీ చేతి దగ్గరికి వద్దాం.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టాడు. తల్లిదండ్రులు మిషనరీలు. లండన్‌లో సర్జన్ అయ్యి, 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరాడు. 1947లో రాబర్ట్ కాక్రేన్ అనే కుష్ఠు నిపుణుడు ఆయన్ని చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమానికి తీసుకెళ్లాడు. అక్కడ వేళ్లు ముడుచుకుపోయిన ఒక యువకుడి చేతిలో బ్రాండ్ తన చేయి పెట్టి, ఎంత బలముంటే అంత బలంగా నొక్కమన్నాడు. ఆ పట్టుకు గోళ్లు దిగి చేయి చుర్రుమంది. ఆ నొప్పిలోంచే తనకు దారి కనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ చేయి చచ్చిపోలేదు, అందులో పెద్ద కండరాలు బతికే ఉన్నాయి. ఉన్న బలాన్ని లేని చోటికి మళ్లించగలిగితే చాలు.

కుష్ఠు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పటిదాకా లోకమంతా నమ్మింది. మన పల్లెల్లో ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. నరాలు దెబ్బతిని స్పర్శ పోయిన చేతికి కాలిన గాయం, తెగిన గాయం, ఎలుక కొరికిన గాయం ఏదీ తెలియదనీ, ఆ గాయాలు పుండ్లై, పుండ్లు ఎముకదాకా పోవడం వల్లే వేళ్లు కురచబడతాయనీ బ్రాండ్, ఆయన సహచరులు ఓపిగ్గా గమనించి తేల్చారు.

ఆపరేషన్ ఇలా ఉంటుంది. మణికట్టును పైకెత్తే కండరాలు మూడున్నాయి. ఒకటి పోయినా మిగతా రెండూ ఆ పని నెట్టుకొస్తాయి. అందుకని ఒకదాని టెండన్‌ను దాని కుదురు నుంచి విడదీస్తారు. అయితే అది మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. వేళ్లదాకా సాగాలంటే పొడవు చాలదు. అక్కడే ప్లాంటారిస్ అక్కరకొచ్చింది. మడమ లోపలి పక్క చిన్న గాటు పెట్టి ఆ టెండన్‌ను పట్టుకుంటారు. దాని మీదుగా పొడవాటి గొట్టం లాంటి పరికరాన్ని పిక్కలో పైకి తోస్తూ వెళ్తే, కాలంతా కోయకుండానే టెండన్ మొత్తం చేతికి వస్తుంది. ఆ పరికరాలకు ఇప్పటికీ బ్రాండ్ పేరే ఉంది. బయటికి తీసిన టెండన్‌ను మణికట్టు టెండన్‌కు కలిపి కుట్టి, నాలుగు పాయలుగా చీలుస్తారు. ఒక్కో పాయను అరచేతిలోంచి ఒక్కో వేలి పక్కగా పోనిచ్చి, వేలు చాచే పొరకు కుడతారు. ప్లాంటారిస్ అంత పొడుగ్గా, అంత సన్నగా ఉండి, చీల్చినా తెగనంత గట్టిగా ఉండబట్టే ఇది కుదిరింది. తీసేశాక కాలికి లోటేమీ ఉండదు. అంతకంటే తగిన తాడు ఒంట్లో ఇంకొకటి లేదు.

ఒక్క చిక్కుంది. కొందరికి ప్లాంటారిస్ ఉండదని చెప్పుకున్నాం కదా. వెనకటి రోజుల్లో ఆ సంగతి గాటు పెట్టి చూస్తేగానీ తెలిసేది కాదు. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌లో ముందే చూసుకోవచ్చు. లేకపోతే తొడ పక్కనుండే దట్టమైన పొర నుంచి పట్టీ తీసి వాడతారు.

కుట్టిన చేయి మూడు వారాలు పట్టీలో ఉంటుంది. పట్టీ విప్పాకే అసలు కష్టం మొదలు. నిన్నటిదాకా మణికట్టు ఎత్తిన కండరం ఇప్పుడు వేళ్లను నిలపాలి. ఆ సంగతి మెదడుకు ఇంకా తెలియదు. “పెద్దమ్మా, మణికట్టు పైకి లాగు, వేళ్లు వాటంతటవే తిన్నగా అవుతాయి” అంటూ ఫిజియోథెరపిస్టు గంటల తరబడి చేయిస్తారు. మొదట్లో ఏమీ కదలదు. కొన్ని రోజులకు వేళ్లు అరచేతి దగ్గర కొద్దిగా వంగుతాయి, కొసలు చాపుకుంటాయి. సర్జన్ నైపుణ్యం ఎంత అవసరమో, ఈ ఓపికా అంతే అవసరం. ఈ రెండో పని చేసేవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

మోరిస్‌పేట, బెతని కాలనీ

కృష్ణా డెల్టాకు కుష్ఠు కొత్త కాదు. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల ఎవాంజలీన్ బూత్ కుష్ఠు ఆసుపత్రి ఉండబట్టే, ఊళ్లు వెళ్లగొట్టిన మనుషులకు పడుకోవడానికి మంచం, పుండుకు కట్టు దొరికాయి. జబ్బు నయమైనా సొంతూరు గడప తొక్కనివ్వకపోతే ఎక్కడికి పోతారు? అలాంటివాళ్లు పిల్లాపాపలతో స్థిరపడిన చోటు బాపట్లలోని బెతని కాలనీ. తెనాలి మోరిస్‌పేటలో గ్రేటర్ తెనాలి కుష్ఠు చికిత్స, విద్యా పథకం పనిచేసింది. ఆ పేరులో చికిత్సతో పాటు విద్య కూడా ఉండడం నాకు చాలా విలువైన సంగతి. మచ్చ చూపించడానికి మనిషి సిద్ధపడాలంటే ముందు ఇంటిల్లిపాదికీ, ఊరికీ భయం పోవాలి.

తెలుగు నేల మీద ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు 1915లో కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించింది. హైదరాబాదు కూకట్‌పల్లిలో రాణి కుముదినీ దేవి 1958లో శివానంద రిహాబిలిటేషన్ హోమ్ స్థాపించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేయడంతో జబ్బు తీరే మారిపోయింది. మచ్చలు తక్కువుంటే 6 నెలలు, ఎక్కువుంటే 12 నెలలు మందులు మింగితే చాలు. మొదలెట్టిన కొద్ది రోజులకే మనిషి నుంచి మనిషికి సోకడం ఆగిపోతుంది. జనాభాలో పదివేలకు ఒకరి కంటే తక్కువ కేసులన్న గీతను దేశం 2005 డిసెంబరులో దాటింది. దాంతో చాలామంది కుష్ఠు పోయిందనుకున్నారు. పోలేదు. ఏటా మన దేశంలో లక్షకు అటూ ఇటూగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ప్రపంచంలో సగానికి పైగా ఇక్కడివే. భార్యకో భర్తకో కుష్ఠు ఉందన్న కారణం చూపి విడాకులు ఇచ్చే వీలును చట్టం నుంచి తొలగించింది కూడా 2019లోనే.

మందు క్రిమిని చంపుతుంది. చచ్చిన నరాన్ని బతికించలేదు. అందుకే ఆలస్యంగా వచ్చినవాళ్లు జబ్బు నయమయ్యాక కూడా ముడుచుకున్న చేతులతో మిగిలిపోతున్నారు. మోకాలి కింద బయటి పక్కన ఎముకను చుట్టుకుని వెళ్లే నరం దెబ్బతింటే పాదం ముందుకు వాలిపోతుంది. నడుస్తుంటే కాలి బొటనవేలు నేలకు రాసుకుంటుంది. అరికాలిలో స్పర్శ పోతే నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియదు. ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చిన మనిషిని చూసి నవ్వకుండా, అరికాలు చూపించమని అడిగే కోడలో మనవడో ఉంటే ఆ కాలు నిలుస్తుంది.

ఇలాంటి చేతులకూ కాళ్లకూ దిద్దుబాటు ఆపరేషన్లు ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా జరుగుతున్నాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు, పనికి పోలేని రోజుల కోసం 12,000 రూపాయలు ఇస్తారు. స్పర్శ లేని పాదాలకు మెత్తటి రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులూ ఉచితమే. ఈ సంగతి పల్లెల్లో ఎంతమందికి చేరింది? దిద్దుబాటుకు వీలున్న చేతులతో ఇంట్లోనే కూర్చున్నవాళ్లు మనకు తెలిసిన వీధుల్లోనే ఉంటారు. వాళ్లను అడిగి కదిలించాల్సింది ఆశా కార్యకర్త ఒక్కరే కాదు.

ఆపరేషన్ ఇవ్వలేనిది ఒకటుంది. ప్లాంటారిస్‌తో వేళ్లు తిన్నగా నిలుస్తాయి, ముద్ద కలుపుతాయి, నారు నాటుతాయి. స్పర్శ మాత్రం తిరిగి రాదు. పొయ్యి మీది గిన్నె వేడి ఆ వేళ్లకు తెలియదు, కొడవలి అంచు తెలియదు. గిన్నె దించడానికి మందపాటి గుడ్డ, కూర కలపడానికి పొడవాటి కొయ్య పిడి గరిటె, రోజూ పడుకునే ముందు దీపం దగ్గర రెండు చేతులూ రెండు పాదాలూ తిప్పి తిప్పి చూసుకోవడం. ఇవి ఆ మనిషికి జీవితాంతం తప్పవు.

మచ్చ దగ్గరే పట్టుకుంటే ఇదంతా తప్పుతుంది. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి గానీ ఎర్రగా గానీ ఉండి, దురద లేక, నొప్పి లేక, తాకినా తెలియని మచ్చ ఒంటి మీద ఎక్కడున్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. దూది పోగు గానీ పెన్ను మొన గానీ ఆనించి, కళ్లు మూసుకోమని, ఎక్కడ తాకామో వేలితో చూపించమంటారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ సర్వేకి వచ్చినప్పుడు వీపు చూపించడానికి మొహమాటపడి ‘మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా’ అని పంపేసేవాళ్లే ఎక్కువ. వీపు మీది మచ్చ తన కంటికి తనకు కనపడదు. ఇంట్లో ఇంకొకరు చూడాల్సిందే.